ఆ ముసలామెను ఎందుకు చంపినావు నాయనా?

దయ్యం కథ రాసేవాళ్ళకు ఈ కాలంలో కొదవ లేదు. కొదవంతా చదివేవాళ్ళకే. చదివి, భయపడి, పక్కింటోడితో కొట్లాడి, రాసినాయనను పట్టుకొని "ఇది ఎందుకు రాసినావప్పా" అని నిలదీసే మనిషి లేకుండా పోయినాడు. వెలుగోడులో ఎవరితో చెప్పినా "ముసలోళ్ళ సణుగుడు" అని లేచిపోతున్నారు. ఇది సణిగి ఊరుకునే సంగతి కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా చెల్లెలి మనమడు హైదరాబాదులో, మియాపూర్ పక్క ఉంటాడు. పగలు ఉద్యోగం, రాత్రి కథలు. చెయ్యి తిరిగిన పిల్లోడు, తెలుగు కమ్మగా రాస్తాడు, ఆ మాట ముందే చెప్తున్నాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక కథ నా చేతిలో పెట్టినాడు. హైదరాబాదు నిండా రాక్షసులు ఉన్నారంట. మన మాదిరే ఇస్త్రీ చొక్కాలు వేసుకొని మెట్రో ఎక్కుతారు, కూకట్‌పల్లి రైతుబజారులో కూరగాయలు బేరం చేస్తారు, ఎవరూ గుర్తుపట్టలేరు. కథలోని కుర్రోడు ఒక్కడికే వాళ్ళ గుట్టు తెలుస్తుంది. మనిషి నీడ దీపం లేని పక్కకు పడుతుంది కదా, వాళ్ళ నీడ దీపం వైపే పడుతుంది. బాగుంది ఆ ఊహ. నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు. చివరకు ఆ కుర్రోడు తన అపార్ట్‌మెంటులోనే, నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలామె నీడ అట్ల పడడం చూస్తాడు. ఆ రాత్రే తలుపు తట్టి లోపలికి పోయి ఆమెను చంపేస్తాడు. అంతే, కథ అయిపోయింది.

చదివినోళ్ళు ఏమన్నారో కూడా పిల్లోడు నాకు ఫోనులో చూపించినాడు. "సూపర్." "గూస్‌బంప్స్." "నీడ ట్విస్టు అదిరింది అన్నా." "లాజిక్ లేదు బ్రో, లిఫ్టులో అద్దం ఉంటది కదా." "పార్ట్ టూ ఎప్పుడు?" మధ్య మధ్యలో ఎర్ర గుండె బొమ్మలు. అన్నీ చదివినాను, వేలితో కిందికి తోసి తోసి చదివినాను. ఒక్కరంటే ఒక్కరు ఆ ముసలామె సంగతి ఎత్తలేదు. ఆమె ఎవరు, ఆమె ఎవరికి ఏం చేసింది, నీడ చూసి మనిషిని చంపొచ్చునా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. సంతలో దోసకాయను తట్టి చూసి తట్టలో పడేసినట్టు, కథను తట్టి చూసి పోయినారు అందరూ.

మా రోజుల్లో ఇట్ల జరిగేది కాదు.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" సీరియల్‌గా వస్తాండేది. సంపాదకుడు సికరాజు. అప్పటికి మా ఊరికి పత్రికలు నంద్యాల బస్సులో వచ్చేవి. బస్సు ఆలస్యమైతే పత్రికా ఆలస్యమే. కట్ట విప్పకముందే నలుగురు నిలబడి ఉండేవాళ్ళం. కొనేది ఒకరు, చదివేది వీధి. మంగలి అంగట్లో ఒకరు గట్టిగా చదువుతాంటే గడ్డం సగం గీసుకున్నోడు కూడా లేచి పోయేవాడు కాదు. చదువురాని పెద్దలు "మళ్ళా ఆ ముక్క చదువు" అని అడిగి చదివించుకునేవాళ్ళు.

ఆ నవలలో కొత్తదనం ఏందో ఈనాటి పిల్లలకు చెప్పాల. అంతకు ముందు మాకు తెలిసిన దయ్యాలన్నీ ఊరి బయటివి. గాలేరు దాటే చోట కొరివిదయ్యం, పాడుబడిన బావిలో కామిని, రావిచెట్టు మీద బ్రహ్మరాక్షసి. వాటికొక హద్దు ఉండేది. పొద్దుగూకినంక ఆ పక్కకు పోకుంటే చాలు, అవీ ఊళ్ళోకి వచ్చేవి కావు. "తులసిదళం" ఆ హద్దును చెరిపేసింది. హైదరాబాదులో, చదువుకున్న ఉద్యోగస్థుల ఇంట్లో, శ్రీధర్, శారదల చిన్నపిల్ల తులసి మీదికి చేతబడి వచ్చింది. ఫ్యాను తిరిగే గదిలోకి, ట్యూబులైటు కిందికి వచ్చింది. ఒక పక్క మంత్రగాడు, ఇంకో పక్క హిప్నాటిజమనీ మనస్తత్వశాస్త్రమనీ చెప్పే డాక్టర్లు. పిల్లకు వచ్చింది జబ్బా, ప్రయోగమా అన్నది ఆ నవల తెంచి చెప్పకుండా లాగుతూ పోతుంది. డ్రాకులాను బ్రామ్ స్టోకర్ 1897లో లండన్ నడిబొడ్డుకు తెచ్చినాడని తర్వాత ఎప్పుడో చదివినాను. తెలుగులో ఆ పని మా కళ్ళ ముందర జరిగింది.

భయపడినామా? పడినాం. మా వీధిలో ఆడవాళ్ళు పిల్లల పుట్టువెంట్రుకలు ఎవరికీ దొరక్కుండా దాచిపెట్టడం మొదలుపెట్టినారు. గడప దగ్గర నిమ్మకాయ కనపడితే ఎవరు వేసినారని వీధంతా అడిగేవాళ్ళు. కాని భయంతో ఆగలేదు మేము, ఇక్కడే నేను చెప్పాలనుకున్నది ఉంది. భయపడినోళ్ళే తర్వాతి వారం తగువుకు దిగినారు. రచ్చకట్ట మీద రెండు పార్టీలు. ఒక పక్క "ఉంది, మా పెదనాయన కళ్ళతో చూసినాడు" అనేవాళ్ళు. ఇంకో పక్క బడిపంతుళ్ళు, కమ్యూనిస్టు పిల్లలు, "ఇదంతా మోసం, జనాన్ని వెనక్కి ఈడ్చే రాత" అనేవాళ్ళు. నడిమధ్యన మా దూదేకుల మామ ఒకాయన ఉండేవాడు. "సైతాను ఉంది, జిన్ను ఉంది, కాని వాటికి మనిషి దుడ్లిచ్చి పని చేయించుకునేది మాత్రం అబద్ధం" అని ఆయన ఒక్కడే ఒక పార్టీ. రాత్రి పదింటిదాకా నడిచేది ఆ వాదన. మరుసటి రోజు అదే మనుషులు పత్రికకు కార్డు రాసేవాళ్ళు. పోస్టుకార్డు పదహైదు పైసలు. ఆ పదహైదు పైసలకు మనిషి తన అభిప్రాయాన్ని కుదించి, కొట్టేసి, మళ్ళా రాసి, తన ఊరిపేరు కింద సంతకం పెట్టేవాడు. వెలుగోడు, కర్నూలు జిల్లా అని. (ఇప్పుడు నంద్యాల జిల్లా అయింది, 2022 నుంచి.) ఊరిపేరు పెట్టి రాసినప్పుడు మనిషి నోరు జాగ్రత్తగా ఉంటుంది. ఆ మాటకు రేపు బస్టాండులో జవాబు చెప్పుకోవాల.

పెద్దవాళ్ళూ ఊరుకోలేదు. "క్షుద్ర సాహిత్యం" అనే పేరు పెట్టి పత్రికల్లో ఉతికినారు. రంగనాయకమ్మ గారు ఆ నవలను ఖండిస్తూ ఏకంగా పుస్తకమే రాసినారు. ఆ విమర్శలోని మాటల మీద పరువునష్టం కేసు పడి కోర్టుకెక్కింది. ఆలోచించండి, ఒక భయం కథను చదివి ఒకరు రాసిన మాట కోర్టుదాకా పోయిందంటే, చదవడం అనేది ఎంత బరువైన పనిగా ఉండిందో. నేను ఆ వాదనలో ఎవరి పక్క ఉంటినో ఇప్పుడు చెప్పను, రెండు పక్కలా నాకు స్నేహితులు ఉండిరి. ఆ నవల సినిమాగా కూడా వచ్చింది. 1986లో "కాష్మోరా" సినిమా వచ్చింది. అప్పటికీ తగువు చల్లారలేదు.

ఈ తగువు ఎందుకు అంత వేడిగా ఉండిందో ఈ కాలం పిల్లలకు తెలియదు. చేతబడి అనేది అప్పుడు పుస్తకంలో మాట కాదు. ఆ 1980ల్లోనే మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి భయం లేచింది. ఆడవాళ్ళు ఉన్నట్టుండి అరవడం, పడిపోవడం, ఫలానా మనిషి చేసిందని వేలు చూపించడం. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు, డాక్టర్ సమరం లాంటి వైద్యులు ఆ ఊళ్ళకు పోయి, రోగాన్ని రోగంగా చూసి, జనానికి నచ్చజెప్పినారు. మంత్రగాళ్ళని అనుమానించి పళ్ళు రాలగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, తగలబెట్టడం తెలుగు పల్లెల్లో జరిగిన పనులే. ఆ వేలు ఎవరి మీదికి పోయేదో గమనించండి. భూస్వామి మీదికి పోయేది కాదు, కరణం మీదికి పోయేది కాదు. మొగుడు పోయి, పిల్లలు లేక, ఊరి చివర ఒక్కతే బతికే ముసలిదాని మీదికి పోయేది. నాటుమందు ఇచ్చే మాలమాదిగ పెద్దాయన మీదికి పోయేది. రాత్రిపూట దీపం పెట్టుకొని ఏదో గొణుక్కునే మనిషి మీదికి పోయేది.

మా పిల్లోడి కథలో నాలుగో అంతస్తు ముసలామె ఎవరో ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను. ఊరి చివర గుడిసె పోయి అపార్ట్‌మెంటు వచ్చింది. మనిషి అదే మనిషి, వేలు అదే వేలు.

మనుషుల్లో రాక్షసులు దాక్కొని ఉన్నారు అనే కథకు ఒక ప్రమాదం పుట్టుకతోనే ఉంటుంది. ఎదురుగా నిలబడిన రాక్షసుడితో పేచీ లేదు, బకాసురుడు ఎవరో ఏకచక్రపురం వాళ్ళందరికీ తెలుసు, బండెడు అన్నం పంపేది ఎవరి వంతో కూడా తెలుసు. దాక్కున్న రాక్షసుడు అన్నాక గుర్తుపట్టడం అనే పని వస్తుంది. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు కావాల. ఆనవాలు వచ్చినంక దాన్ని ఎవరికి అంటగడతాం అన్నది కథ రాసినాయన చేతిలో ఉంటుంది. మా రోజుల చదువరి అక్కడ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఆమెకే ఎందుకు పెట్టినావు ఆ నీడ? మొదటి అంతస్తులో ఉండే బిల్డరుకు పెట్టొచ్చు కదా" అని అడిగేవాడు. ఈ ప్రశ్న అడగడానికి సాహిత్యంలో పట్టా అక్కర్లేదు. ఊళ్ళో బతికిన మనిషైతే చాలు.

ఇంకో సంగతి. "ఓ స్త్రీ రేపు రా" అని గోడల మీద, తలుపుల మీద బొగ్గుతో, సుద్దతో రాసుకున్న కాలం ఒకటి ఉండింది. ఒక ఆడదయ్యం రాత్రిపూట తెలిసిన మనిషి గొంతుతో తలుపు తడుతుందని, ఆ రాత చూసి వెనక్కి పోయి మళ్ళా రేపు వస్తుందని కథ. దాన్ని ఎవరు రాసినారో, ఏ పత్రికలో వచ్చిందో లేదు. ఊరినుంచి ఊరికి నోటిమాటగానే పాకింది. ఆ కథకు జనం ఇచ్చిన జవాబే ఆ రాత. కథ విన్న ప్రతి మనిషీ తన తలుపు మీద నాలుగు మాటలు రాసినాడు. మా జేజి అక్షరం ముక్క రాని మనిషి, ఆమె మాత్రం "దయ్యానికి చదువొచ్చునా నాయనా?" అని అడిగింది. మాకెవరికీ జవాబు లేదు. చదువుకున్న మేము రాసుకుంటిమి, చదువులేని ఆమె ప్రశ్న అడిగింది. 2018లో హిందీలో "స్త్రీ" అని సినిమా తీసి దీన్నే నవ్వులాటగా చేసినారు. తియ్యనీ, బాగా ఆడింది. కాని ఆ రాత వెనక ఇంటింటికీ ఉండిన భయాన్ని, ఆ భయం మీద మా జేజి వేసిన ప్రశ్నను ఈ పిల్లలు ఒక్కసారైనా విని ఉంటే బాగుండేది.

ప్రశ్న అడిగే అలవాటు మాకు చిన్నప్పుడే చేసినారు. చందమామ బేతాళ కథ గురించి అందరూ పాత తీపి మాట్లాడతారు, నేను వేరే చెప్తాను. ఆ కథ చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు జవాబు చెప్పకముందే మేము పుస్తకం మూసేవాళ్ళం. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పినాకనే మళ్ళా తెరిచేది. అన్నదమ్ముల్లో ఎవరిది తప్పు, రాజు చేసింది న్యాయమేనా, రాక్షసి మాట నిలబెట్టుకుంటే దాన్ని మెచ్చుకోవాల్నా వద్దా. శవం లోపల ఉన్న బేతాళుడు మాకు న్యాయం గురించి ఆలోచించడం నేర్పించినాడు. శంకర్ గారి బొమ్మ, భుజాన శవంతో కత్తి పట్టుకొని వెనక్కి చూసే విక్రమార్కుడు, ఇప్పటికీ కళ్ళల్లో ఉంది. ఆయన 2020లో పోయినారు. "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "శిథిలాలయం" రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ళ మీద వేసేవాళ్ళు కాదు. రాసిందెవరో తెలియకుండానే మేము ఆ రాక్షసుల మీద తీర్పులు చెప్పినాం. రాసినాయన ఎవరు, ఎంత పేరుంది, ఎంతమంది మెచ్చుకున్నారు అనే లెక్క మా మధ్య లేదు. కథా, మేమూ.

భయాన్ని ఎట్ల చూడాలో ఈ నేల మాకు నేర్పిన తీరు వేరు. ఆళ్ళగడ్డ పక్క అహోబిలం ఉంది. స్తంభంలో దాక్కొని ఉన్నది బయటికి వచ్చి చీల్చి చంపిన చోటు. ఎగువ అహోబిలం మీద ఉగ్రస్తంభం చూస్తే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. దాక్కున్న భయంకర రూపం అంటే దానికంటే పెద్దది ఏముంది? దాన్ని మా చెంచులు ఏం చేసినారు? తమ ఆడపిల్ల చెంచులక్ష్మిని ఇచ్చి అల్లుణ్ణి చేసుకున్నారు. కనుమ నాడు మొదలుపెట్టి నలభై రోజులకు పైగా ఆ స్వామి పారువేట అని ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెపల్లెకూ పల్లకిలో తిరుగుతాడు. వచ్చినాయనకు ప్రతి ఊరూ మర్యాద చేస్తుంది. సగం సింహం, సగం మనిషి అయిన రూపాన్ని చూసి మావాళ్ళు బంధుత్వం కలిపినారు. ఆ బుద్ధి ఉండేవాళ్ళకు నీడ తిరగబడిన ముసలామె కనపడితే ముందు "అవ్వా, ఏమైంది నీకు" అని అడుగుతారు.

అడవి పక్కన బతికేవాళ్ళకు దాక్కున్న జంతువు అంటే కథ కాదు గదా. నల్లమల మా ఊరి తూర్పున గోడ మాదిరి ఉంది. చీకటి పడినంక పులి పేరు ఎత్తనిచ్చేవాళ్ళు కాదు మా పెద్దలు. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు దొరికినాయి. తల్లి వస్తుందని అటవీశాఖ వాళ్ళు రాత్రింబవళ్ళు వెదికినారు, దొరకలేదు, పిల్లలను తిరుపతి జూకు పంపినారు. ఆ మూడు నాలుగు రోజులు మా పక్క ఊళ్ళల్లో జనం ఏం మాట్లాడుకున్నారో నేను విన్నాను. పెద్దవాళ్ళు "తల్లి ఎంత ఏడుస్తాంటుందో, వెదుక్కుంటా వస్తే ఏం చేస్తుందో" అని రెండూ ఒక్క మాటలో అన్నారు, జాలీ భయమూ కలిపి. కుర్రోళ్ళు వీడియోలు పంపుకొని "సో క్యూట్" అన్నారు. పులిపిల్ల ముద్దుగానే ఉంటుంది, కాదనను. కాని తల్లి బయట ఉన్నప్పుడు ముద్దు ఒక్కటే కనపడితే ఆ చూపులో ఏదో పోయినట్టే. మళ్ళా ఏడాదే, 2024లో, పచ్చర్ల దగ్గర చిరుత ఒక ఆడమనిషిని చంపేసింది. అడవికి పోయి కట్టెలు తెచ్చుకునే ఇండ్లల్లో ఇప్పటికీ ఆ దిగులు ఉంది.

బనగానపల్లె నవాబుల బంగళా ఒకటి యాగంటి దోవలో గుట్ట మీద ఉంది. 1948 దాకా సంస్థానంగా ఉండిన ఊరది. 2009లో "అరుంధతి" సినిమాలో ఆ బంగళా చూపించినారు. అంతే, నవాబుల పేరు పోయింది, ఇప్పుడు అందరికీ అది అరుంధతి బంగళా. రోజూ జనం వస్తారు, పిశాచం నిలబడిన చోట నిలబడి ఫోటో దిగుతారు, పోతారు. ఆ సినిమాలో ఒక ఆడపిల్ల మీద జరిగిన అఘాయిత్యం సంగతి ఎవరైనా మాట్లాడుతారేమోనని నేను అక్కడికి పోయినప్పుడల్లా చెవి పెట్టినాను. ఫోటో ఎక్కడ బాగా వస్తుందో తప్ప వేరే మాట వినపడలేదు. 2023లో "విరూపాక్ష" వచ్చింది. ఆ కథకు మూలమే, క్షుద్రపూజలు చేస్తున్నారని అనుమానించి ఊరివాళ్ళు ఒక ఆలుమగలను చంపడం. నేను ఇంతసేపూ చెప్పేది అదే గదా. నంద్యాలలో ఆట చూసి బయటికి వచ్చినంక ఎవరైనా ఆ మాట ఎత్తుతారని టీ అంగడి దగ్గర నిలబడినాను. "ఇంటర్వెల్ బ్యాంగ్ బాగుంది", "క్లైమాక్స్ కొంచెం లాగ్". ఊరు ఊరంతా చేసిన హత్య ఎవరికీ గుర్తులేదు.

"మీ కాలంలో మూఢనమ్మకాలు ఎక్కువ తాతా, మాకు అవి లేవు, అందుకే మేము కథను కథగా చూస్తాం" అన్నాడు పిల్లోడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. ఆ కాలంలో భయం నిజంగా మనుషులను తినింది, దాన్ని నేను తీపిగా చెప్పను. కాని నమ్మకాలు పోయినాయా అంటే నేను ఒప్పుకోను. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ గారు చేతబడి, నరబలి మీద చట్టం కావాలని ఏళ్ళ తరబడి తిరిగి, 2013 ఆగస్టులో కాల్పులకు బలి అయినాక గదా అక్కడ చట్టం వచ్చింది. కర్ణాటకలో 2017లో వచ్చింది. పోయిన భయానికి చట్టాలు ఎవరు చేస్తారు?

మా పక్క జన విజ్ఞాన వేదిక వాళ్ళు 1988 నుంచి ఊరూరా తిరిగి ఆ గుట్టులన్నీ విప్పి చూపించినారు. నీళ్ళు నెత్తురు మాదిరి ఎర్రబారడం నేనే మా బడి ముందర చూసినాను. ఒక దాంట్లో పసుపు, ఇంకో దాంట్లో సున్నపునీళ్ళు, రెండూ కలిస్తే ఎరుపు. పెళ్ళిలో పారాణి కలిపే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే, కాని మంత్రగాడి చేతిలో చూసేసరికి మరిచిపోయినారు. టెంకాయ పీచులో సోడియం ముక్క పెట్టి నీళ్ళు చల్లితే మంట లేవడం చూపించినారు. చూసినోళ్ళు చప్పట్లు కొట్టి పోలేదు. "అయితే మా వదినకు పూనకం ఎందుకు వస్తాంది?" అని ఒకామె లేచి అడిగింది. ఆ కార్యకర్త ఆమె పక్కన కూర్చొని అరగంట మాట్లాడినాడు. మా జనం నమ్మినా అట్లనే నమ్మినారు, నమ్మకపోయినా అట్లనే, అడిగి అడిగి.

పిల్లోడితో ఇవన్నీ చెప్తే వాడు నొచ్చుకున్నాడు. "తాతా, అది అలిగరీ, ముసలామె అంటే ముసలామె కాదు" అన్నాడు. "మరి ఎవరు?" అన్నాను. "నగరంలో దాక్కున్న చెడు" అన్నాడు. "ఆ చెడుకు చీర కట్టి, తెల్లజుట్టు పెట్టి, కాకులకు మెతుకులు వేయించి, ఒంటరిగా కూర్చోబెట్టింది ఎవరు నాయనా?" అన్నాను. వాడు మాట్లాడలేదు. నాకు వాడి మీద కోపం లేదు. వాడికి నిజంగా ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వెయ్యి మంది చదివి మెచ్చుకున్న కథకు ఒక్క చదువరి కూడా దొరకలేదు, అది వాడి తప్పు ఎట్ల అవుతుంది? మెచ్చుకున్నోళ్ళ మీదనే నా కోపం. రాసే పిల్లోడికి గుండె బొమ్మ పంపడం తేలిక. "ఇక్కడ నువ్వు తప్పు దోవ పట్టినావు, వెనక్కి రా" అని చెప్పాలంటే కథను రెండుసార్లు చదవాల, రాసినాయన మీద అక్కర ఉండాల.

వాడి అనుమతి తీసుకొనే ఆ కథను కాగితాల మీద అచ్చు తీయించినాను. వెనక రెండు తెల్లకాగితాలు కుట్టించి, మా వయసు మనుషులు కూర్చునే చోట పెట్టినాను. చదివినోళ్ళు ఊరికే పోకూడదు, వెనక ఏదో ఒకటి రాయాల అని మాట. మొదట ఎవరూ రాయలేదు. తర్వాత అడవిలో కాపలా ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన రాసినాడు: జంతువు మనిషికి దూరంగా దాక్కుంటుంది, మీ రాక్షసులు మనుషులు కిక్కిరిసిన చోటికే వచ్చి దాక్కున్నారంటే వాళ్ళు దేనికి భయపడి వచ్చినారో అది రాయలేదు, అది రాస్తే కథ అవుతుంది. బీడీలు చుట్టే ఒకామె, కూతురితో చదివించుకొని, కూతురి చేతనే రాయించింది: నాలుగో అంతస్తులో లిఫ్టు చెడిపోతే ఆ పెద్దామెకు పాలు, బియ్యం ఎవరు తెచ్చి ఇస్తాండ్రి? ఆ తెచ్చిచ్చే మనిషి నీడ ఎట్ల పడుతుంది? చంపినంక పొద్దున వచ్చి తలుపు కొట్టేది ఆ మనిషే గదా, ఆ మనిషికి ఆ పిల్లోడు ఏం చెప్పినాడు?

ఆ కాగితాల ఫోటో తీసి పిల్లోడికి పంపినాను. రాత్రి పదకొండింటికి ఫోను చేసినాడు. పాలు తెచ్చే మనిషి సంగతి తాను అనుకోలేదని, ఆ ప్రశ్న రాయించినామె ఎవరో కనుక్కుని చెప్పమని అడిగినాడు. పేరు చెప్పినాను. ఉగాదికి వచ్చినప్పుడు ఆమెతో మాట్లాడతానన్నాడు, కథ మాత్రం మార్చనని కూడా అన్నాడు, మార్చనంటే మార్చనని చాలాసేపు వాదించినాడు.